మానిటూ బురదలో మా వదిన జడ

బురద పూసుకోవడానికి ఎవరైనా రోజంతా కారులో కూర్చుని పోతారా అని మా చర్చిలో ఇద్దరు ముగ్గురు ఆంటీలు నన్ను మొహం మీదే అడిగారు. పోతారు. మేం పోయాం. కాల్గరీలో పొద్దున్నే బయల్దేరి, ఆల్బర్టా దాటి, సస్కాచవాన్ మైదానాల్లో పడి, సాయంత్రానికి మానిటూ అనే ఉప్పు సరస్సు ఒడ్డుకు చేరాం. ఒళ్ళంతా నల్ల బురద పూసుకున్నాం, ఎండబెట్టుకున్నాం, కడుక్కున్నాం, మళ్ళీ పూసుకున్నాం. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకేచోట రాసేస్తున్నాను.

సముద్రానికి అంత దూరంలో ఉప్పునీళ్ళేమిటని నాకూ అనుమానం వచ్చింది. ఆ సరస్సులోకి ఊటనీళ్ళు వస్తాయి గాని బయటికి పోయే దారి లేదు. నీళ్ళు ఎండకు ఆవిరైపోతూ ఉంటే ఉప్పులు, ఖనిజాలు అక్కడే మిగిలిపోతాయి. బందరు పక్కన ఉప్పు మడులు చూస్తూ పెరిగిన మా ఆయనకు ఈ సంగతి ఒక్క మాటలో అర్థమైంది. గుంటూరులో పుట్టిన నాకే కాస్త టైం పట్టింది.

ఇంతకీ మేం పోయింది సరదాకి కాదు. మా వదిన జడ కోసం.

ముందు జడ సంగతి

కరుణ వదిన మా ఆయన ప్రసాద్‌కి అక్క. పెళ్ళి చేసుకోలేదు. మా అందరికంటే ముందే కెనడా వచ్చి, వృద్ధుల హోమ్‌లో నర్సుగా పనిచేసి రిటైరైంది. మా ఇంటికి దగ్గర్లోనే ఒక కాండో అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటుంది. వయసు అరవై దాటినా ఆమె జడ నడుం దాటి ఉంటుంది. ఒక్క వెంట్రుక పైకి లేవకుండా బిగించి అల్లుకుంటుంది. చర్చిలో ముందు వరసలో ఆమె కూర్చుంటే వెనకున్న ఆడవాళ్ళ కళ్ళు పాటల పుస్తకం మీద ఉండవు, ఆ జడ మీదే ఉంటాయి.

పోయిన చలికాలంలో కాండో మెట్ల మీద మంచు గడ్డకట్టి వదిన జారిపడింది. కుడి భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, కానీ చెయ్యి మాత్రం ఛాతీ దాటి పైకి లేవదు. కండరాల బలం తగ్గింది, దానికి తోడు మీరు భయంతో చేతిని బిగబట్టేస్తున్నారు అని ఫిజియోథెరపీ అమ్మాయి ప్రతిసారీ చెప్పేది. భుజం సంగతి ఎలా ఉన్నా జడ వేసుకోవడం కుదరలేదు. ఎడమచేత్తో ఎలాగో ఒక రబ్బర్‌బ్యాండ్ బిగించి, పైన ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చేది. చలి పోయింది, ఎండలొచ్చాయి, టోపీ మాత్రం పోలేదు. చర్చిలో ముందు వరస వదిలేసి చివరి వరసకు మారింది.

"నేను వేస్తాను వదినా, ఇలా కూర్చో" అన్నాను ఒక ఆదివారం.

"జడ లేనిదానివి, నువ్వు జడేం వేస్తావు?" అంది.

నా జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంటుంది. ఆఫీసుకు పోయేటప్పుడు రెండుసార్లు దువ్వితే పని అయిపోతుందని ఎప్పుడో కత్తిరించేశాను. ఆ కోపం వదినకు ఇప్పటికీ తగ్గలేదు. తప్పులేదుగాని, సాయం చేస్తానంటే కూడా దెప్పడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోకుండానే భోంచేశాం.

ఆ తర్వాత వారం వదినే మా అమ్మాయి షారన్‌ని పిలిచి, "మీ అమ్మ పోయే సెలూన్‌లో నాకూ ఒక అపాయింట్‌మెంట్ తీసుకో. కత్తిరించేస్తాను" అంది.

"అత్తా, ఇట్స్ జస్ట్ హెయిర్. యూ విల్ లవ్ ఇట్" అంటూ ఆ పిల్ల ఫోన్‌లో టకటకా బుక్ చేసేసింది. నాకు మామూలుగా ఉండే ట్రిమ్మింగ్ పక్కనే ఆమెకీ టైం దొరికింది. ఇద్దరికీ ఒకే శనివారం, పక్కపక్క కుర్చీలు.

ఆ మాట విన్నాక మా ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు ఆఫీసు నుంచి వస్తూనే, మానిటూ బురద మంచిదట, వాళ్ళ ఆఫీసులో ఒకాయన మోకాళ్ళకి ఏటా వెళ్తాడట అని మొదలుపెట్టాడు. "జుట్టు ఎప్పుడైనా కత్తిరించుకోవచ్చు అక్కా. ముందు ఒక్కసారి అక్కడికి వెళ్ళొద్దాం."

వదిన చాలాసేపు ఆలోచించింది. "వస్తాను. కానీ అక్కడ చెయ్యి లేవకపోతే శనివారం నన్నెవరూ ఆపకూడదు" అంది. ఆ ఒప్పందం మీదే ముగ్గురం బయల్దేరాం.

పసుపు పొలాల మధ్య

డ్రమ్‌హెల్లర్ దాటాక కొండలూ గుట్టలూ అయిపోయాయి. ఇక ఆకాశం, నేల, మధ్యలో మేం. రోడ్డుకు రెండు పక్కలా కంటికి ఆనినంత మేర పసుపు పూలు. అవి ఆవపూలని వదిన, కాదు, నూనె తీసే కనోలా అని మా ఆయన. అక్కాతమ్ముళ్ళు కిండర్స్‌లీ దాకా అదే వాదన. వెనక సీట్లో నేను పులిహోర డబ్బా విప్పేసరికి గాని ఇద్దరి నోళ్ళూ మూతపడలేదు.

కిండర్స్‌లీ దగ్గర ఒక చిన్న హోటల్లో కాఫీ తాగాం. అక్కడ సస్కటూన్ పళ్ళు కూరి కాల్చిన, ‘పై’ అనే తీపి రొట్టె పెట్టారు. చూడ్డానికి చిన్న సైజు నేరేడుపళ్ళు, కానీ ఆ వగరు లేదు. కాఫీతో కలిపి మనిషికి పది డాలర్ల లోపే. కాల్గరీ డౌన్‌టౌన్‌లో ఆ డబ్బుకి కాఫీ, పక్కన ఒక బిస్కెట్టు వస్తాయి, అంతే. వడ్డించినావిడ వదిన టోపీ వంక చూసి, "లోపల చలిగా ఉందా? ఏసీ తగ్గించనా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. వదిన వద్దని తల ఊపి, బయటికొచ్చాక, "చూశావా, టోపీ పెట్టుకున్నా చూస్తారు, తీసినా చూస్తారు. కత్తిరించేస్తే గొడవే ఉండదు" అంది.

కారెక్కాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "అంత పొడుగు జుట్టు చిన్నప్పుడు ఎవరు దువ్వేవారు వదినా?" అని అడిగాను.

ఆమె చదివింది మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో. పొద్దున బెల్ కొట్టగానే పిల్లలందరూ దువ్వెనలు పట్టుకుని మెట్ల మీదకు చేరేవాళ్ళట. అందరికంటే చిన్నపిల్ల అడుగు మెట్టు మీద, దాని వెనక మెట్టు మీద కాస్త పెద్దది, దాని వెనక ఇంకా పెద్దది. ప్రతి పిల్లా తన ముందున్న పిల్లకు జడలు వేయాలి. ఒకేసారి మెట్ల మీద అందరి తలలూ తయారైపోయేవట.

"బాగుందే. మరి అన్నిటికంటే పై మెట్టు మీదున్న పిల్లకి?" అన్నాను.

"అది నేనే. అందరికంటే పొడుగు నేను. నా వెనక మెట్టు లేదు, మనిషీ లేదు. నాది నేనే వేసుకునేదాన్ని. అప్పట్నుంచీ అంతే" అంది.

మా ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. అక్కని ఇంకేం అడగొద్దని ఆ చూపు. నేను పెరుగన్నం డబ్బా అందించి మాట మార్చాను.

నూనె చేసిన పని

మర్నాడు పొద్దున్నే సరస్సుకు పోదామని నేను తయారై కూర్చుంటే, వదిన సూట్‌కేస్ లోంచి నువ్వులనూనె సీసా, సున్నిపిండి డబ్బా తీసింది.

"ఇదెందుకు?"

"నూనె రాసుకోకుండా ఒంటికి నలుగు పెడతారా ఎక్కడైనా? అదీ అలాంటిదే. నూనె ముందు, బురద తర్వాత."

వినడానికి సబబుగానే ఉంది. చిన్నప్పటినుంచీ నూనె పెట్టుకోకుండా తలంటు అన్నది ఎరగం మరి. వదిన ఎడమచేత్తో తమ్ముడి వీపుకి పట్టించింది. నేను ఆమె భుజానికి మెల్లగా పట్టించాను. ముగ్గురం నిగనిగలాడుతూ, మేం దిగిన మోటెల్ దుప్పట్లకీ గోడలకీ అంటకుండా దూరదూరంగా నడుచుకుంటూ, ఒడ్డుకు చేరాం.

ఒడ్డున పై పొర గులకరాళ్ళే. చేత్తో కాస్త తవ్వితే కింద నల్లటి బురద, మెత్తగా రుబ్బిన మినప్పిండిలా చేతికొస్తుంది. వాసన మాత్రం మురిగిన కోడిగుడ్డు వాసన. మా చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. ఒళ్ళంతా నల్లగా, కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా, మడత కుర్చీల్లో కూర్చుని పేపర్లు చదువుకుంటున్నారు. అందరూ ఈత దుస్తుల్లో ఉంటే మా వదిన పాత పంజాబీ డ్రెస్సులో, నేను లెగ్గింగ్స్, టీషర్టులో. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు. బురద పూసుకున్నవాడికి పక్కవాడి బట్టల మీద ధ్యాస ఎక్కడుంటుంది.

మేమూ దోసెళ్ళతో తీసి పూసుకున్నాం. పూసింది పూసినట్టు జారిపోయింది. మళ్ళీ పూశాం, మళ్ళీ జారింది. వదిన భుజం మీద పెట్టిన ముద్ద మోచేతి దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆగి, టప్పున కింద పడింది. మా ఆయన పొట్ట మీద మాత్రం బొడ్డులో కాస్త నిలిచింది. ఆయన ఇంకా బురద తెద్దామని వంగి, కాలు జారి, నీళ్ళ అంచున చతికిలబడ్డాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని వచ్చాడేమో, ఆ ఉప్పునీళ్ళు మొహాన పడగానే రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని గంతులేశాడు. వదిన నవ్వింది. చలికాలం తర్వాత ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి, నేను బొడ్డు బురదని కూడా మరిచిపోయి ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ పేపరు మడిచి మా దగ్గరకొచ్చింది. తెల్లటి పొడుగు జుట్టు, ఉప్పునీళ్ళకి తాడులా బిగుసుకుపోయి ఉంది. పేరు లిండా. "ఒంటికి ఏదో రాసుకున్నట్టున్నారు?" అని అడిగింది.

చెప్పాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది, కానీ ఆ నవ్వులో వెక్కిరింత లేదు. "నూనె మీద బురద ఎలా నిలుస్తుంది? పోయి సబ్బుతో కడుక్కుని రండి, నేను మీ చోటు కాపాడతాను" అంది.

"సబ్బెందుకు, సున్నిపిండి ఉందిగా" అంది వదిన తెలుగులో, నాతో. మేం తెచ్చిన పిండి ఏమిటని లిండా అడిగితే పెసలు, శనగలు దంచి చేసిందని చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. వాళ్ళది పక్కనే పప్పుధాన్యాల పొలమట. మనం మైసూరు పప్పు అంటామే, అది ఎకరాలకు ఎకరాలు పండిస్తారట. పంటలో చాలాభాగం మన దేశానికే పోతుందట.

"ఇన్నేళ్ళుగా పప్పు పంపిస్తున్నాం, మీరు తింటున్నారనుకుంటున్నాను. మీరు దానితో స్నానం చేస్తున్నారా?" అంది.

"తిన్నాక మిగిలింది" అన్నాడు మా ఆయన, బుగ్గలు రుద్దుకుంటూ.

చెయ్యి ఎక్కడుంది

నూనె వదిలించుకుని వచ్చాక బురద చక్కగా పట్టింది. మొదట చల్లగా, తర్వాత ఎండకు బిగుసుకుంటూ, చర్మాన్ని ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. ఎండే కొద్దీ నలుపు బూడిదరంగులోకి మారుతుంది. మూతి కదిపితే బుగ్గలు పగుళ్ళిస్తాయి, అందుకని ఎవరూ మాట్లాడరు. మా ఆయన అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఈ ప్రయాణంలో దొరికిన అదనపు లాభం. నా కాలి వెండి మెట్టెలు మాత్రం ఆ బురదకు నల్లబడిపోయాయి. మోటెల్‌కి పోయి టూత్‌పేస్టుతో తోమితే మళ్ళీ తెల్లబడ్డాయి.

లిండా చేతివేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. ఏటా ఎండాకాలంలో ఇక్కడికొచ్చి వేళ్ళు బురదలో పెట్టుకుంటుందట. "తగ్గుతుందా?" అని అడిగింది వదిన.

"కొన్ని రోజులు హాయిగా ఉంటుంది. చలికాలం రాగానే మళ్ళీ మామూలే. అయినా వస్తాను" అంది. ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్న క్రీ తెగవాళ్ళు మశూచి సోకినవాళ్ళని ఈ నీళ్ళకు తెచ్చేవాళ్ళని, మానిటూ అన్న పేరు కూడా వాళ్ళదేనని, అన్నీ ఆవిడే చెప్పింది.

బురద కడుక్కోవడానికి సరస్సులోకి దిగాం. నడుంలోతు వచ్చేసరికి నీళ్ళు మనిషిని కింది నుంచి పైకి తోస్తాయి. వెనక్కి వాలితే చాలు, పరుపు మీద పడుకున్నట్టు తేలిపోతాం. ఈత రాని నేను, బందరు సముద్రంలో మోకాలి లోతు దాటని మా ఆయన, ఇద్దరం ఆకాశం చూస్తూ తేలుతున్నాం. వదిన మాత్రం ఎడమచేత్తో కుడిచేతిని పొట్టకు అదిమి పట్టుకుని నిలబడే ఉంది.

"వాలు వదినా. నేను పట్టుకుంటాను."

"పడిపోతే?"

"పడదామన్నా పడనివ్వవు ఈ నీళ్ళు."

లిండా ఒక పక్క, నేను ఒక పక్క వీపు కింద చేతులు పెట్టాం. వదిన కళ్ళు మూసుకుని వాలింది. తేలింది. కానీ ఎడమచెయ్యి కుడిచేతిని వదల్లేదు. కొయ్యలా బిగుసుకుపోయి ఉంది మనిషి.

"ఆ చెయ్యి వదులు అక్కా" అన్నాడు మా ఆయన పక్కనుంచి, చాలా మెల్లగా. చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

చాలాసేపటికి ఒక్కొక్క వేలే వదిలింది. కుడిచెయ్యి కాసేపు పొట్ట మీదే ఉండి, తర్వాత నీళ్ళలోకి జారింది. మేమెవ్వరం దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళే దాన్ని మోశాయి. ఒంటికి కాస్త దూరం జరిగింది. చిన్న అల వచ్చి ఇంకొంచెం పైకి తోసింది. భుజం దాటింది. చెవి పక్కకి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా దగ్గితే ఆ చెయ్యి మళ్ళీ పొట్ట మీదకు పారిపోతుందేమోనని భయం.

వేళ్ళు ఆమె జుట్టుకు తగిలాయి.

వదిన కళ్ళు తెరవలేదు. "విమలా" అంది. "నా చెయ్యి ఎక్కడుంది?"

"నీ తలమీదుంది వదినా."

ఆమె ఆ వేళ్ళతో జుట్టు తడుముకుంది. కణతల పక్కన, చెవి వెనక, తలపైన, తన తలే అని తేల్చుకుంటున్నట్టు మెల్లమెల్లగా తడుముకుంది. కంటి చివరల నుంచి నీళ్ళు కారి సరస్సులో కలిశాయి. మా ఆయన మొహం అటు తిప్పుకుని, గడ్డం గీసుకున్న చోట మండుతోందని నాకు చెప్పాడు. నాకు మాత్రం దాచుకోవాలనిపించలేదు, ఏడ్చేశాను. ఏడ్చిన కళ్ళు ఆ ఉప్పుచేత్తోనే తుడుచుకున్నాను. మంటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

లేచి నిలబడేసరికి మళ్ళీ కథ మొదటికొచ్చింది. నీళ్ళు వదలగానే చెయ్యి బరువెక్కి ఛాతీ దగ్గరే ఆగిపోయింది. వదిన రెండుమూడు సార్లు ప్రయత్నించి ఊరుకుంది. "ఒడ్డున నాకు ఇంతే" అంది. నాకు శనివారం గుర్తొచ్చింది.

ఒడ్డున పప్పుచారు

రెండో రోజు కూడా అంతే. నీళ్ళలో చెయ్యి ఎగిరి తల మీదకు పోతుంది, ఒడ్డుకు రాగానే దిగిపోతుంది. వదిన మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగి, చెయ్యి వదిలేసి తేలుతూనే ఉంది. భోజనానికి లిండా తన క్యాబిన్‌కి పిలిచింది. బంగాళాదుంప కూరిన పెరోగీలు వెన్నలో వేయించి పెట్టింది. మనవాళ్ళు కజ్జికాయలు మడిచినట్టే మడుస్తారు, తీపికి బదులు కారంలేని కూర ఉంటుంది, అంతే. వాటిలోకి మా ఆయన ఆవకాయ తీశాడు. లిండా ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండో ముక్క అడిగింది. ఆవపిండి సంగతి చెప్తే, "ఆవాలు కూడా ఇక్కడ పండుతాయి" అంది. వదిన తమ్ముడి వంక గర్వంగా చూసింది. మేం చూసినవి కనోలా పూలే కావచ్చు, కానీ ఆ క్షణాన ఆయన నోరెత్తలేదు.

లిండా పొలంలో పండిన పప్పుతో వదిన ఎడమచేత్తోనే పప్పుచారు కాచింది. నేను తాలింపు పెట్టాను. "ఆవాలు మాడాయి" అంది వదిన. మాడలేదు. కానీ ఆమె నన్ను అలా దెప్పడం మొదలుపెట్టిందంటే మనిషి బాగుందని అర్థం, అందుకని ఊరుకున్నాను.

మెట్ల మీద

బయల్దేరే రోజు పొద్దున ఆఖరుసారి సరస్సులో దిగి వచ్చాం. ఒడ్డుకు దిగే దారిలో సిమెంటు మెట్లున్నాయి. లిండా అడుగు మెట్టు మీద కూర్చుని, బట్ట సంచిలోంచి దువ్వెన తీసి, తన జుట్టుతో కుస్తీ పడుతోంది. వాచిన వేళ్ళతో దువ్వెన పట్టు చిక్కడం లేదు. ఇదివరకు కూతురు వేసేదట, ఇప్పుడు ఆ అమ్మాయి మాంట్రియల్‌లో ఉందట.

వదిన ఒక నిమిషం చూసింది. చిక్కుపడ్డ జుట్టుని చూస్తూ ఊరుకునే మనిషి కాదు ఆమె. టోపీ సర్దుకుని, లిండా వెనక మెట్టు మీద కూర్చుని, దువ్వెన అందుకుంది.

కింది మెట్టు మీద మనిషి కూర్చుంటే తల సరిగ్గా మన ఛాతీ ఎత్తుకు వస్తుంది. వదిన కుడిచెయ్యి ఛాతీ దాకా లేస్తుంది. నేను ఆ చేతుల వంకే చూస్తున్నాను. దువ్వెన ముందు కొసల దగ్గర, తర్వాత మధ్యలో, తర్వాత మాడు నుంచి కిందకు. ఆ తెల్లజుట్టు మూడు పాయలైంది. కుడిచెయ్యి మొదట వెనకాడింది, తర్వాత అలవాటైన పనిలో పడి భయపడడం మరిచిపోయింది. పాయ మీద పాయ వేస్తూ బిగిస్తూ పోయింది.

"నా తల ఎక్కడికీ పోదు, కాస్త మెల్లగా" అంది లిండా.

"బిగువు లేకపోతే అది జడ కాదు" అంది వదిన ఇంగ్లిషులో, హాస్టల్ పెద్దక్క గొంతుతో.

అప్పుడు చూశాను, వదిన వెనక మెట్టు ఖాళీగా ఉంది.

నేనేమీ అడగలేదు. అడిగితే వద్దంటుంది. పోయి ఆ మెట్టు మీద కూర్చున్నాను. వదిన వీపు బిగుసుకుంది. చేతుల్లో జడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డున మా ఆయన కారులో సామాన్లు సర్దుతూ సర్దుతూ అలాగే నిలబడిపోయాడు.

చివరికి లిండా జడ కొసకు రబ్బర్‌బ్యాండ్ బిగించి, వదిన ఎడమచేత్తో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముంజేతికున్న రబ్బర్‌బ్యాండ్లలో ఒకటి తీసి, వెనక్కి నాకు అందించింది.

ఉప్పుకి బిరుసెక్కిన జుట్టు, చిక్కులు విడదీయడానికే చాలాసేపు పట్టింది. నెలల తరబడి ఎవరి చెయ్యీ పడని జుట్టు. షారన్ చిన్నప్పుడు వేసిన జడలు గుర్తుచేసుకుంటూ మూడు పాయలు తీశాను. కింద మెట్టు మీద లిండా, దాని పై మెట్టు మీద వదిన, ఆ పైన నేను. ముగ్గురం సరస్సు వైపు మొహాలు పెట్టి కూర్చున్నాం.

"వదులైంది. బిగించు" అంది వదిన.

బిగించాను.

"ఇంకా."

ఇంకా బిగించాను. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి. వీపు నా మోకాళ్ళకు ఆనింది. అలా ఆనుకుని కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు, నాకూ లేదు. కానీ ఇద్దరం జరగలేదు. నాకు ఎంత సంతోషమేసిందో రాయడానికి చేతకావడం లేదు.

జడ పూర్తయింది. వదిన దాన్ని భుజం మీదుగా ముందుకు లాక్కుని, కొస దాకా వేళ్ళతో నొక్కి చూసింది. తప్పు దొరికితే చెప్పకుండా ఉండదు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"మరి పై మెట్టు మీదున్న నాకెవరు వేస్తారు వదినా?" అన్నాను, ఆ తిట్టేదో త్వరగా తిట్టించుకుందామని.

"నీకు వేయడానికి జుట్టేదీ?" అంది. జడ వెనక్కి వేసుకుని, "పెంచు. అది పెరిగేసరికి నా చెయ్యి కూడా లేస్తుంది. అప్పుడు నేను పైకొస్తాను, నువ్వు కిందికి దిగు" అంది.

తిరుగు ప్రయాణంలో టోపీ వెనక సీట్లోనే పడి ఉంది. కాల్గరీ చేరాక నేను చేసిన మొదటి పని సెలూన్‌కి ఫోన్ చేయడం. శనివారం అపాయింట్‌మెంట్లు రెండూ క్యాన్సిల్ చేశాను, ఆమెదీ నాదీ.